పదకొండు కారణాలు

జూన్ 16, సోమవారం

బదిలీల జాబితాలో నా పేరు వచ్చింది. పార్వతీపురంలో బడి, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఈ నెలాఖరుకి ఇక్కడ రిలీవ్ అవ్వాలి.

సాయంత్రం రాయి ఎక్కి ఆయనకి ఫోన్ చేశాను. మొర్రిపుట్టులో ఫోన్ పలికేది ఆ ఒక్క రాయి మీదే. "చూశావా అనూ, పదకొండు పాయింట్లు. ఒక్కదానికైనా కాదనడానికి వీలుందా వాళ్ళకి?" అన్నారు. నా దరఖాస్తు రాసింది ఆయనే. చేసేది మార్కెట్ యార్డులో గుమస్తా ఉద్యోగం గానీ మా లక్ష్మీప్రసాద్ గారు కోర్టులో ఉండాల్సిన మనిషి. ఏజెన్సీలో ఏడేళ్ళ సర్వీసు ఒకటి, భార్యాభర్తలు ఒకేచోట ఉండాలన్న నిబంధన రెండు, నా బీపీ మూడు, మా అమ్మాయి సరళ విశాఖలో నర్సింగ్‌లో చేరాక ఇంట్లో ఆయనొక్కరే ఉండటం నాలుగు. పదకొండోది ఏమిటో నాకిప్పుడు గుర్తు రావడం లేదు. ఇంట్లోనూ అంతే. నేను వెళ్ళేసరికి ఫ్రిజ్ మీద చీటీ ఉంటుంది. ఒకటి, పప్పు లోపల ఉంది. రెండు, పెరుగు పులిసింది, వేసుకోకు. మూడు, కాసేపు పడుకో.

సంతోషంగా ఉంది. వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

జూన్ 17

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రేపు చెప్తాను.

జూన్ 18, బుధవారం

చెప్పనక్కర లేకపోయింది, జాబితా సంగతి ఊళ్ళో ముందే పాకింది. బడి వదిలేవేళకి చిట్టి వచ్చింది. నేను ఇక్కడికి వచ్చిన ఏడాది అయిదో తరగతిలో ఉన్న గుంట, ఇప్పుడు హుకుంపేటలో ఇంటర్ రెండో సంవత్సరం. చేతిలో నోటుబుక్కు కాగితం. "టీచరమ్మా, అర్జీ రాసినాను. తప్పులుంటే దిద్దు," అంది.

"ఎవరి గురించే?"

"నీ గురించే."

నా బదిలీ ఆపమని రాసిన అర్జీని నా చేతే దిద్దించుకోవడానికి వచ్చింది. ఇంకెవరైనా అయితే నన్ను ఆట పట్టిస్తున్నారనుకునేదాన్ని. ఏడేళ్ళుగా ఈ ఊరి నుంచి బయటికి వెళ్ళిన కాగితం ఏదైనా, రేషన్ కార్డుదైనా కాఫీ మొక్కలదైనా, నా ఎర్ర పెన్ను కిందుగా వెళ్ళింది. ఇది మాత్రం వేరే ఎలా వెళ్తుందని వాళ్ళకి తోచనే లేదు.

కాగితం ఇక్కడ ఎక్కిస్తున్నాను. ఎందుకంటే, ఊరికే.

"గౌరవనీయులైన మేడం గారికి మొర్రిపుట్టు ఊరంతా దండాలు పెట్టి రాసిన అర్జీ. మా పంతులమ్మ అనురాధమ్మని మా దగ్గరే ఉంచాలి. ఆమె రాకముందు మా పిల్లలు బడి చూసి పారిపోయేవారు. ఇప్పుడు బడి మూస్తే ఏడుస్తారు. ఆమె మా కువి మాట నేర్చుకుంది. తప్పులు మాట్లాడుతుంది, మేము నవ్వితే తను కూడా నవ్వుతుంది. బుధు కూతురికి జ్వరం వస్తే మూడు రోజులు వాళ్ళింట్లోనే ఉంది. సంతరోజు పిల్లలు మాతో సంతకి వచ్చేస్తారని శనివారం బడి మూసి, మా కోసం ఆదివారం పెడుతుంది. ఆదివారం తన ఇంటికి కూడా వెళ్ళదు. ఇలాంటి మనిషిని తీసుకుపోతే మేము ఏమైపోతాము. మాకు ఆమె కావాలి. కావాలి అని మళ్ళీ రాస్తున్నాము."

అక్షర దోషాలు రెండే. బాగా చదువుకుంటోంది.

జూన్ 19, గురువారం

ఇవాళ చిట్టికి పాఠం చెప్పాను. అర్జీ అంటే మన బాధ కాదు, వాళ్ళు కాదనలేని కారణాలు అని. ఎంతమంది పిల్లలున్నారు, పక్క బడి ఎంత దూరం, బదిలీ వల్ల నష్టమేమిటి. నన్ను పంపొద్దని వాదించడం ఎలాగో నేనే విడమరిచి చెప్తున్నానని సగం పాఠమయ్యాక స్పృహ వచ్చింది. టీచరుకి ఇదొక రోగం.

చిట్టి వాళ్ళ అమ్మమ్మ సోములమ్మ పక్కనే కూర్చుని చేటలో చోళ్ళు చెరుగుతోంది. ఆవిడకి చదువు రాదు, అభిప్రాయాలకు కొదవ లేదు. "కారనాలు తగువులో సెప్తారు పంతులమ్మా," అంది. "ఎవుడి గొడ్డో నా సేలో పడితే కారనాలు సెప్తాను. కావలసినదానికి కారనాలేటి? కావాలని సెప్పాల."

ఈ ఊరి పద్ధతి అంతే. ఒకరి దగ్గర విత్తనాలో ఎద్దో పిల్లనో కావాలంటే పొద్దున్నే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుంటారు. నోరు విప్పరు. ఇంటివాళ్ళు తమ పనులు చేసుకుంటూనే ఉంటారు. ఎప్పటికో వచ్చి "ఏటి కావాలి?" అని అడుగుతారు. అడిగాకే చెప్పాలి, అదీ ఒక్క మాటలో. ఎందుకో చెప్పడం మొదలుపెడితే వీడు తగువుకి వచ్చాడని అర్థం. మొదట్లో నేను నవ్వుకునేదాన్ని. అడగందే అమ్మయినా పెట్టదు అనుకుంటూ పెరిగినవాళ్ళం మనం. వీళ్ళు ఇచ్చేవాళ్ళ చేతే అడిగిస్తారు.

దిద్దేటప్పుడు ఆదివారం బడి ముక్క కొట్టేశాను. చిట్టి గింజుకుంది. "అన్నిటికన్నా మంచి మాట అదే గదా టీచరమ్మా, అదెందుకు కొట్టేసినావు?"

ఎందుకంటే ప్రభుత్వం లెక్కలో శనివారం పని దినం, ఆదివారం సెలవు. ఆదివారం హాజరు నేను రిజిస్టర్‌లో శనివారం గడిలో వేస్తున్నాను. ఇది వీళ్ళకి మెచ్చుకోలు, పై వాళ్ళకి సాక్ష్యం. ఉద్యోగానికే ఎసరు వస్తుంది. కొట్టేయడానికి కారణం అదే. అదొక్కటే.

జూన్ 20, శుక్రవారం

ఆయనకి ఫోన్‌లో అర్జీ చదివి వినిపించాను, ఆ ముక్క వదిలేసి. ముందు పకపకా నవ్వారు. "నాకైతే కళ్ళు చెమర్చాయి అనూ," అన్నారు. "కానీ ఆఫీసరు కూడా కళ్ళు తుడుచుకుని ఫైలు మూసేస్తారు. ఒక్క పాయింటు లేదు. కారణం చెప్పినవాడికి జవాబు చెప్పొచ్చు. ఏడ్చేవాడికి ఏటి చెప్తాం?"

"మరి వాళ్ళకి పాయింట్లు మీరు రాసిస్తారా?" అన్నాను వేళాకోళంగా.

"నాకేం పిచ్చా? వంటింట్లో నీకోసం కొత్త అరలు కొట్టిస్తున్నాను."

వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

జూన్ 21, శనివారం

సంత. ఊరంతా హుకుంపేట వెళ్ళింది. బట్టలు ఉతుక్కున్నాను. పెట్టె సర్దుదామని తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టేశాను.

జూన్ 22, ఆదివారం

బడి. ఇరవై ముగ్గురూ వచ్చారు.

చిట్టి కొత్త అర్జీ తెచ్చింది. చూడగానే తెలిసింది. అంకెలు వేసి ఏడు పాయింట్లు, ప్రతిదాని కింద ఒక గీత. ఒకటి, ఇరవై ముగ్గురు విద్యార్థులు. రెండు, పక్క బడికి మూడు కిలోమీటర్లు, మధ్యలో దాటాల్సిన గెడ్డ. మూడు, వానాకాలంలో నాలుగు నెలలు ఆ దారిని నమ్మడానికి లేదు. నాలుగు, చిన్న పిల్లలకు మాతృభాషలో చెప్పగల టీచరు అవసరం. అలా చివరిదాకా.

"ఇది నీ రాత కాదు కదే?"

"నిన్న సంతకాడ సిగ్నలుంటే సారుకి ఫోన్ సేసినాను. సారు పాయింట్లు బాగా రాత్తాడని నువ్వే అన్నావు గదా."

ఏడేళ్ళుగా నేను ఇంటికి రావాలని ఎదురుచూస్తున్న మనిషి, నన్ను పంపొద్దని ఏడు పాయింట్లు రాసిచ్చారు. ఆయన అంతే. పాయింట్లు లేని అర్జీ చూస్తే ఊరుకోలేరు. ఒకసారి పక్కింటి పోలయ్య గారు మా మీద మునిసిపాలిటీకి ఫిర్యాదు రాస్తుంటే, అందులో తేదీ లేదని చెప్పి వేయించి వచ్చారు. నాకు నవ్వు ఆగలేదు. పిల్లలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

సాయంత్రం అందరికీ చదివి వినిపించాం. బుధు, అతనే మా వార్డు మెంబరు, ప్రతి పాయింటుకీ తల ఊపాడు. సోములమ్మ అంతా విని, "బాగుంది. మరి ఇందులో నువ్వెక్కడున్నావు?" అంది.

"అర్జీ అంటే అలాగే ఉండాలి సోములమ్మా."

"దీనికి ఏ పంతులమ్మయినా సరిపోతాది," అంది ఆవిడ.

జూన్ 23, సోమవారం

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోలేదు, అదే బాధ. ఆ ఏడు పాయింట్లు చూసిన నిమిషంలోనే నాకూ తెలిసింది. అవి ఒక టీచరు కావాలని రుజువు చేస్తాయి. నేను కావాలని ఎక్కడా చెప్పవు. ఆఫీసు ఆ కాగితం చూసి ఇంకో టీచర్ని వేస్తుంది, నేను ఇంటికి వెళ్తాను. అందుకే అర్జీ అలాగే ఉండాలన్నాను. ఆయన కూడా ఇదే ఆలోచించి రాసి ఉంటారు. ఊరికి టీచరు, తనకి భార్య. ఎవరికీ అన్యాయం లేకుండా.

చిట్టి కాగితంలో కారణం ఒక్కటీ లేదు, నేను మాత్రం నిండా ఉన్నాను. తప్పు కువి మాట్లాడే నేను, నవ్వించుకునే నేను.

జూన్ 24, మంగళవారం

బుధు, సోములమ్మ, చిట్టి జీపెక్కి జిల్లా విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళి వచ్చారు. రెండు కాగితాలూ పట్టుకెళ్ళారు. ఒకటి చాలదా అంటే, "ఒకటి సారు మాట, ఒకటి మన మాట," అన్నాడట బుధు.

మేడం ఓపికగా రెండూ చదివారట. పాయింట్ల కాగితం చూసి, బడి ఖాళీగా ఉంచం, వేరే టీచర్ని తప్పకుండా పంపుతాం అన్నారట. రెండోది చదివి, ఈ టీచరే ఉండాలంటే అది మా చేతుల్లో లేదు, బదిలీ వద్దని ముప్పయ్యో తారీఖులోగా ఆవిడే రాసివ్వాలి అన్నారట.

బుధు మొహం వెలిగిపోతోంది. "నువ్వొక్క కాయితం రాసిత్తే సాలంట పంతులమ్మా. బేగి రాసీ."

సాయంత్రం బట్టలు తీద్దామని బయటికి వస్తే సోములమ్మ నా అరుగు మీద కూర్చుని ఉంది. నోరు విప్పలేదు. ఆవిడ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నేను "ఏటి కావాలి?" అని అడగాలి. అడిగితే చెప్తుంది. చెప్తే కాదనలేను. బట్టలు తీసుకుని, మడత పెట్టి, మళ్ళీ విప్పి మడత పెట్టాను. చీకటి పడుతుంటే లేచి వెళ్ళింది.

జూన్ 25

పొద్దున్నే వచ్చి కూర్చుంది. నేను అడగలేదు.

జూన్ 26, గురువారం

సోములమ్మ కూర్చుంది. ఇవాళ ఆవిడకి టీ ఇచ్చాను, మాట లేకుండా. తాగి గ్లాసు కడిగి పెట్టింది.

ఆయనకి నాలుగు రోజులుగా ఫోన్ సరిగ్గా కుదరడం లేదు. చేస్తే "ఊ, సరే, ఆరోగ్యం జాగ్రత్త," అంటున్నారు. అరల సంగతి అడిగితే అయిపోయాయన్నారు, అంతే. యార్డులో పని ఎక్కువై ఉంటుంది. ఈ రోజుల్లో సరుకు బాగానే దిగుతుంది.

జూన్ 27, శుక్రవారం

పని కాదు.

చిట్టిని మాటల్లో అడిగాను, ఆ రోజు సారు ఇంకేమన్నారని. "ఏటీ అనలేదు. రాసిన కాయితం ఫోటో పెట్టమంటే పెట్టినాను. ఆదివారం బడి ఎవురు పెట్టమన్నారని అడిగినారు. మా టీచరే పెట్టినాదని సెప్పినాను. నాకు ఆదివారం ఒక్కటే సెలవన్నారు. తరవాత పాయింట్లు పంపినారు."

ఏ కాగితం అన్నాను. నేను ఎర్ర గీత పెట్టి కొట్టేసిన కాగితం. గీత కింద అక్షరాలు నిక్షేపంగా కనిపిస్తాయి.

దొంగకు తేలు కుట్టినట్టు గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఇది ఇక్కడ కూడా ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది శనివారాల్లో బడికి ఒక్కరూ వచ్చేవారు కాదు. ఆదివారం పెడితే అందరూ వచ్చారు. ఆయనకి ఏం చెప్పాలో తోచలేదు. ఆయనకి సెలవు ఆదివారం ఒక్కటే. నేను పెట్టుకున్నానంటే వాదిస్తారు. వాదిస్తే గెలుస్తారు. అందుకని, "ఏజెన్సీలో శనివారం సెలవండీ, సంత కదా, గవర్నమెంటు రూలు," అన్నాను. ఒక నెల చూద్దాం అనుకున్నాను. ఏడేళ్ళయింది.

నెలకోసారి శుక్రవారం బడి వదిలి బయల్దేరి ఎప్పటికో ఇల్లు చేరతాను. శనివారం ఆయన యార్డుకి వెళ్తారు. మధ్యాహ్నం వచ్చి ఇద్దరం కలిసి అన్నం తింటాం. నాలుగింటికి నా బస్సు. ప్రతిసారీ బస్టాండులో నిలబడి, "మీ గవర్నమెంటుకి బుద్ధి లేదు అనూ, మనిషి ఇంటికి వెళ్ళే రోజు పని పెడుతుంది," అని తిట్టేవారు. ఆ రూలు మార్చమని అర్జీ రాస్తానంటే రెండుసార్లు నేనే ఆపాను. అదంతా నన్నే తిట్టినట్టు. తెలియక తిట్టినట్టు.

అంతా తెలిసి, దాని గురించి నన్ను ఒక్క మాట అనకుండా, అదే రోజు కూర్చుని ఈ ఊరికి ఏడు పాయింట్లు రాసి పంపారు.

నాకు సిగ్గుగా ఉంది.

జూన్ 28, శనివారం

ఆయనకి ఉత్తరం రాయబోయాను. ఒకటి, పిల్లల చదువు. రెండు, అప్పటి పరిస్థితి. మూడు, మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక. మూడోది అబద్ధం. చించేశాను.

బదిలీ వద్దన్న కాగితం రాయబోయాను. అదీ చించేశాను. వెళ్ళాలని నిశ్చయించుకున్న మనిషిని ఆ కాగితం ఎందుకు మొదలుపెట్టానో.

సోములమ్మ ఇవాళ సంత కూడా మానుకుని నా అరుగు మీద కూర్చుంది. అడగలేదు.

జూన్ 29, ఆదివారం

మూడో తరగతికి కూడికలు చెప్తుంటే పిల్లలంతా గుమ్మం వైపు తిరిగారు. ఆయన. చంకలో సంచి, చెమటతో తడిసిన చొక్కా. ఏడేళ్ళలో ఈ ఊరికి రావడం రెండోసారి, ఆదివారం రావడం మొదటిసారి. నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. "చెప్పు, చెప్పు," అని చేత్తో సైగ చేసి వెళ్ళి వెనక కూర్చున్నారు. సాయంత్రం దాకా కూర్చున్నారు. నేను తప్పు కువి మాట్లాడినప్పుడు పిల్లలు నవ్వితే, ఆయన అర్థం కాకుండానే నవ్వారు.

మధ్యలో భోజనం వేళకి నాతో వచ్చి నా అరుగు మీద సోములమ్మ పక్కన కూర్చున్నారు. ఆవిడ ఎగాదిగా చూసి, "నువ్వేటి అడగడానికి కూకున్నావు బావూ?" అంది.

"నేను అడగడానికి కాదమ్మా. తగువుకి వచ్చాను."

సోములమ్మ వెంటనే లేచి చీర చెంగు విదిలించుకుంది. "అయితే నీదే ముందు. తగువుని ఆపకూడదు," అని వెళ్ళిపోయింది. నాకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు.

బడి వదిలాక పిల్లల్ని పంపించి ఇద్దరం అక్కడే కూర్చున్నాం, చిన్న బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

"ఏడేళ్ళు," అన్నారు.

తప్పయిందన్నాను. క్షమించండి అన్నాను.

"క్షమించడం సరే. అది శనివారం రోజే అయిపోయింది, ఫోటో చూసిన గంటకి. నాకు కోపం దానికి కాదు. నాతో తగువు పడొచ్చు కదా అనూ? ఆదివారం బడి పెట్టుకుంటాను, ఇదీ కారణం అని చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీరు గెలుస్తారు."

"గెలిచేవాడినో లేదో నీకెలా తెలుసు? నా వంతు రానిస్తే కదా. కారణం చెప్తే ఎదుటివాడికి జవాబు చెప్పే వీలుంటుంది. నువ్వు నాకు రూలు చెప్పావు. రూలుకి ఏటి జవాబు చెప్పను? బస్టాండులో నిలబడి గవర్నమెంటుని తిట్టాను."

నేను ఈ మనిషి వాదనలకి ఎప్పుడూ నవ్వేదాన్ని. పాయింట్ల మనిషి, మనసు తక్కువ అని లోపల ఎక్కడో అనుకునేదాన్ని కూడా. ఎదుటివాళ్ళకి జవాబు చెప్పే చోటు వదలడం కూడా ప్రేమేనని ఇవాళ ఆ చిన్న బల్ల మీద కూర్చున్నాక తెలిసింది.

"అయితే ఇప్పుడు పడదాం," అన్నాను.

పడ్డాం. రెండు గంటలు. ఏడేళ్ళకి సరిపడా. ఆయన బదిలీ దరఖాస్తులో పాయింట్లన్నీ వరసగా చెప్పారు. నా బీపీ గురించి నేను అబద్ధం చెప్పబోతే మాత్రల చీటీ జేబులోంచి తీశారు. వేరే టీచరు వస్తున్నారు కదా అన్నారు. వచ్చేవాళ్ళకి కువి రాదన్నాను. నీకూ రాదు కదా ఏడేళ్ళ క్రితం అన్నారు. పదకొండోది కూడా ఇవాళ తెలిసింది. యాభై దాటిన మనిషి ఒక్కడూ వండుకుంటే కూరలో ఉప్పు చూసేవాళ్ళు ఉండరట. అది దరఖాస్తులో పై వాళ్ళు ఎలా ఒప్పుకున్నారో. కిటికీ దగ్గర పిల్లలు గుమిగూడి వింటున్నారు. బుధు వచ్చి వాళ్ళని తోలి, తను నిలబడి విన్నాడు.

అన్నిటికీ ఓడిపోయాను.

ఆయన నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "గెలిచాను," అన్నారు.

"ఊ."

"సరే. ఇప్పుడు చెప్పు. నీకేటి కావాలి?"

ఏడేళ్ళలో ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. నేను అడగనివ్వలేదు. "ఉండాలని ఉందండీ," అన్నాను. "ఒక్క ఏడాది. ఎందుకో చెప్పలేను." ఆయన నా వైపు చూడలేదు, గోడ మీద గుణింతాల చార్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

"మీకేం కావాలి?" అన్నాను.

"నువ్వు," అన్నారు.

దీనికి పాయింట్లు లేవు.

చాలాసేపటికి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను, అలవాటుగా. దాన్ని నా వైపు జరిపారు. "ఇది నువ్వే రాసుకో," అన్నారు. "ఏం రాసినా నాకు అభ్యంతరం లేదు. బాధ ఉంటుంది. అది వేరు."

జూన్ 30, సోమవారం

జిల్లా ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్ళాం. మేడంకి రెండు కాగితాలు ఇచ్చాను.

మొదటిది నేను రాసింది. "నాకు మొర్రిపుట్టులో ఇంకొక్క ఏడాది ఉండాలని ఉంది. బదిలీ రద్దు చేయవలసిందిగా కోరుతున్నాను." కారణం రాయలేదేం అని అడిగారు మేడం. అదే కారణమండీ అన్నాను. ఒకసారి నా మొహం చూసి సంతకం పెట్టారు.

రెండోది శనివారం ఆదివారం సంగతి, రిజిస్టర్ సంగతి, ఉన్నదున్నట్టు. దాన్ని మాత్రం పాయింట్లుగా ఆయనే కూర్చి ఇచ్చారు, పొద్దున్న జీపు కోసం ఆగినప్పుడు మోకాలి మీద పెట్టుకుని. తప్పు ఒప్పుకోవడం ఒకటో పాయింటు. మేడం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మెమో ఇస్తాను, జవాబు రాయండి అన్నారు. ఇకనుంచి ఏ రోజు బడి పెడితే ఆ రోజే వేయండి అన్నారు. అంతకంటే ఎక్కువే అంటారనుకున్నాను.

ఆయన అక్కడినుంచే బస్సెక్కారు. బస్సు కదిలేదాకా ఇద్దరం గవర్నమెంటుని ఏమీ అనలేదు.

ఊరికి వచ్చేసరికి సోములమ్మ అరుగు మీద ఉంది. ఉంటున్నానని బుధు అప్పటికే ఊరంతా చాటాడు. మరి ఈవిడ ఇంకా ఎందుకు కూర్చుందో అర్థం కాలేదు. ఎదురుగా కూర్చుని అడిగాను. "ఏటి కావాలి సోములమ్మా?"

"ఆదివారం బడి మానీ," అంది.

వారం రోజులుగా దీనికోసం కూర్చుందట. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆవిడ నన్ను ఉండమని అడగడానికి వచ్చిందని నా మటుకు నేనే అనుకుని, మొహం చాటేసి తిరిగాను. ఎందుకో చెప్పమంటే ఆ పద్ధతిలో చెప్పకూడదు కదా, అందుకని లేచి అరుగు దిగాక, తగువులా వెనక్కి తిరిగి చెప్పింది. "ఆ బావుకి ఆదివారమే సెలవని మాకు తెల్దు. సిట్టి సెప్తే తెలిసినాది. మా సంత కోసం ఆడి ఆదివారాలు తినేసినాం. శనివారం పిల్లల్ని మేం పంపుతాం. నువ్వు ఇంటికెల్లు."

జూలై 5, శనివారం

బడి పెట్టాను. ఇరవై ముగ్గురిలో పద్నాలుగు మంది వచ్చారు. తొమ్మిది మంది సంతకి పారిపోయారు. వచ్చినవాళ్ళు కూడా రోజంతా దారివైపే చూశారు. తొమ్మిది గడుల్లో గైర్హాజరు అని వేశాను, ఆదివారం బడి మొదలయ్యాక ఒకేరోజు ఇన్ని ఎప్పుడూ పడలేదు. చెయ్యి రాలేదు. అయినా వేశాను.

నాలుగింటికి బయల్దేరాను.

జూలై 6, ఆదివారం, పార్వతీపురం

పొద్దున్న ఇద్దరం ఒకేసారి లేచాం. టీ తాగాం. పేపరు చెరి సగం చదివాం. ఎనిమిదయింది. ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలి, "ఇప్పుడేటి చేస్తారు అనూ, ఆదివారం పూట మొగుడూపెళ్ళాలు?" అన్నారు.

నాకూ తెలియదు. ఆయన పక్కన కూర్చున్నాను.